బుర్ఖా కింద ఒక ఒళ్లుంది

మా గురించి ఎవరు మాట్లాడినా బట్ట దగ్గరే ఆగిపోతారు. బుర్ఖా వేసుకోవాలా వద్దా, హిజాబ్‌తో క్లాసులో కూర్చోవచ్చా కూడదా, ముఖం కనపడాలా అక్కర్లేదా. 2022లో కర్ణాటకలో ఆడపిల్లల్ని కాలేజీ గేటు దగ్గర ఆపినప్పుడు దేశమంతా మా తల మీది గుడ్డ గురించే మాట్లాడింది. హైకోర్టు ఒక మాట చెప్పింది. సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు మాటలు చెప్పారు. టీవీలో ఒక పక్క మౌల్వీసాబ్, ఇంకో పక్క మహిళా సంఘం మేడం. ఒకరు ఉంచాలంటారు, ఒకరు తీసెయ్యాలంటారు. ఆ గుడ్డ కింద ఒక ఒళ్లుందని, దానికి చెమట పడుతుందని, దురద పెడుతుందని, అది లావెక్కుతుందని, చిక్కిపోతుందని మాత్రం ఎవరికీ యాదికి రాదు.

మేం ఆ ఒంటి గురించి రాయదల్చుకున్నాం. రొమ్ముల గురించి. అవును, రొమ్ముల గురించే.

పత్రికలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాం. పొద్దున ఉర్దూ నుంచి తెలుగులోకి, సాయంత్రం తెలుగు నుంచి ఉర్దూలోకి. రంజాన్ వస్తే హలీం మీద రాయమంటారు. ఎన్నికలొస్తే ముస్లిం ఓటు మీద రాయమంటారు. ఎక్కడన్నా బాంబు పేలితే ఖండన రాయమంటారు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా రాయడానికి మా దగ్గర మాట లేదు. మా ఇంటి ఉర్దూలో ఆ చోటుకి పేరు లేదు. 'సీనా' అంటే ధైర్యానికి, షాయరీకి. 'ఛాతీ' అంటే జలుబు చేసినప్పుడు విక్స్ రాసే చోటు. అమ్మీ అయితే 'ఉధర్' అనేది. అంటే 'అక్కడ'. తెలుగు వైపు వస్తే, రొమ్ము విరుచుకు నిలబడటం మగవాళ్ల పని. ఆడవాళ్ల రొమ్ము తిట్లలోనో సినిమా పాటలోనో వినపడాలి. రెండు భాషలొచ్చి కూడా రెండింట్లోనూ నోరు పెగలని చోటు అది.

ఇక్కడ మేము అంటే మా ఇంటి ఆడవాళ్లం. అక్కచెల్లెళ్లం, వదినలం, ఎదిగిన బిడ్డలు. మాలో ఒకరి ఒంటి మీద జరిగిన సంగతి ఇది. ఎవరన్నది చెప్పం. చెబితే వచ్చే దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నవాళ్లందరి కళ్లూ ఆమె మీదే ఉంటాయి. కాబట్టి మాలో ఎవరైనా అనుకోండి. 

ఆమె మూడు కాన్పుల మనిషి. ముగ్గురికీ రెండేళ్ల చొప్పున పాలిచ్చింది. 41 ఏళ్లు వచ్చేసరికి 112 కిలోలు. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. షుగరొచ్చింది, మోకాళ్లు పోయాయి, రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. "మీరు రోజూ బిర్యానీ తింటారు కదా" అని నవ్వేవాళ్లు. మా ఇంట్లో రోజూ వండేది అన్నం, ఖట్టీ దాల్, ఏదో ఒక కూర. తిండి కంటే చోటు మా అసలు కష్టం. రెండు గదుల ఇల్లు, సందు చివర మోరీ. పార్కుకి వెళ్లి బుర్ఖాలో నాలుగు చుట్లు తిరిగితే అక్కడి వాకింగ్ పెద్దమనుషులు తప్పిపోయి వచ్చిన మనిషిని చూసినట్టు చూస్తారు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది పారేయకుండా తినడం కూడా మా ఆడవాళ్ల డ్యూటీయే.

2021లో పొట్ట ఆపరేషన్ చేయించాం. స్లీవ్ అంటారు. చిన్న రంధ్రాల గుండా పరికరాలు పంపి జీర్ణకోశంలో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేస్తారు. మిగిలింది అరటికాయంత గొట్టం. దానికి ఇన్సూరెన్స్ వచ్చింది. 2019లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన నియమాల ప్రకారం ఎత్తుకీ బరువుకీ ఉన్న లెక్క, అదే బీఎంఐ, 40 దాటినా, లేక 35 దాటి షుగరు, నిద్రలో ఊపిరాగడం లాంటి జబ్బులు ముదిరినా ఆ ఆపరేషన్ ఖర్చు పాలసీలో అడగొచ్చు. ఈమెకు 46 దాటింది. ఏడాదిన్నరలో 48 కిలోలు తగ్గింది. షుగరు గోళీలు ఆగిపోయాయి. రాత్రుళ్లు నిద్ర పట్టింది. ఎక్కడికెళ్లినా 'మాషా అల్లా, సగమయిపోయావు' అన్నారు.

ఆ సగం ఎక్కడికీ పోలేదు. కొవ్వు పోయింది, చర్మం మిగిలింది. ఏళ్ల తరబడి సాగిన చర్మంలో సాగి మళ్లీ ముడుచుకునే గుణమిచ్చే పోగులు తెగిపోతాయి. కొవ్వు కరిగినంత మాత్రాన అవి అతుక్కోవు. పొట్ట మీద, చేతుల కింద, తొడల మీద చర్మం వేలాడింది. రొమ్ములో పాలగ్రంథి కొంతే, మిగతాది చాలావరకు కొవ్వు. అది పోయాక పైన సంచి ఖాళీగా మిగిలింది. చనుమొనలు నేల చూశాయి. డాక్టర్లు దీన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. రొమ్ము కింది మడత గీతకి చనుమొన ఎంత కిందికి దిగిందన్న దాన్ని బట్టి మెట్లు. ఆమెది ఆఖరి మెట్టు.

పొద్దున్నే చర్మాన్ని చేత్తో మడిచి బాడీలో సర్దుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైన నల్లటి పాలిస్టర్ బుర్ఖా. మడత కింద చెమట నిలిచి, ఒరుసుకుపోయి, ఎర్రగా కమిలి, తెల్లగా నాని, వాసన. ఫంగస్ అన్నారు. పూత మందు రాస్తే పది రోజులు తగ్గేది, మళ్లీ వచ్చేది. పాత నూలు దుపట్టాలు చింపి ఆ మడతల్లో పెట్టుకునేది. నమాజులో రుకూకి వంగినప్పుడు ఖాళీ సంచులు ముందుకు జారేవి. ఆమె మనసు అల్లా మీద నుంచి అక్కడికి పోయేది. ఈ మాట ఆమె చెప్పడానికి మాకు, అంటే సొంత అక్కచెల్లెళ్లకు, ఎనిమిది నెలలు పట్టింది.

దీనికి ఆపరేషన్ ఉంది. మాస్టోపెక్సీ అంటారు. అదనపు చర్మం కోసి తీసి, మిగిలిన కండని పైకి ఎత్తి, చనుమొనని దాని చోటికి చేరుస్తారు. చనుమొనని మొత్తంగా ఊడదీయరు. రక్తం అందే కండతో కలిపే ఉంచి పైకి జరుపుతారు. ఇంత బరువు తగ్గినవాళ్లకి చిన్న గాటు చాలదు. చనుమొన చుట్టూ ఒకటి, అక్కడి నుంచి నిలువుగా కిందికి ఒకటి, మడత వెంట అడ్డంగా ఒకటి. ఓడ లంగరులా ఉంటుంది ఆ కుట్టు. సిలికాన్ పెట్టాలని లేదు. చంక పక్కన వేలాడే అదనపు కండనే కొందరికి లోపలికి మడిచి నింపుతారు. ఈమెకి అదే చేశారు. ముందు బరువు కొన్ని నెలలు ఒకేచోట నిలబడాలి, రక్తంలో ఇనుము, ప్రోటీన్ సరిపడా ఉండాలి. పొట్ట కోయించుకున్నవాళ్లకి ఇవి తగ్గిపోతాయి, తగ్గితే గాయం మానదు.

చేయించుకుంటానని ఆమె అన్న రోజు నుంచి ఒకే ప్రశ్న, పది నోళ్లలో.

ఫుప్పూ అంది: "బుర్ఖే మే కౌన్ దేఖ్‌రా గే?" బుర్ఖాలో నిన్నెవరు చూస్తున్నారే అని.

ఆమె భర్త మంచివాడు. "నాకేం ఇబ్బంది లేదు, నువ్వెట్లున్నా సరే" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ ఆమె చెప్పింది ఆయన ఇబ్బంది గురించి కాదు.

ఆస్పత్రి కౌంటర్లో కూర్చున్న అమ్మాయి పక్కనున్న నర్సుతో తెలుగులో అంది: "బుర్ఖా ఏస్కునేదానికి ఇదెందుకే?" బుర్ఖా వేసుకున్నవాళ్లకి తెలుగు రాదని ఆ పిల్ల ధీమా. మేం నల్లగొండ జిల్లాలో తెలుగు మీడియం బడిలో చదివాం. "ఎందుకో డాక్టరమ్మకి చెప్పుకుంటాం, మీరు చీటీ రాయండి" అన్నాం. ఆ పిల్ల తలెత్తలేదు.

మా సెక్యులర్ స్నేహితురాలొకామె, ఎన్నో సభల్లో మా పక్కన నిలబడ్డ మనిషి, ఇంకోలా అంది: "ఇదంతా బ్యూటీ మార్కెట్ ఉచ్చు. మగవాడి చూపు కోసం మన ఒంటిని కోసుకోవడం ఏమిటి?"

ఫుప్పూకి, ఆ స్నేహితురాలికి లోకంలో ఏ విషయంలోనూ పొత్తు కుదరదు. ఇక్కడ మాత్రం ఇద్దరూ ఒకే గుంజకి కట్టారు. ఆడదాని రొమ్ములు చూసేవాడి కోసమే ఉన్నాయన్నది ఇద్దరి లెక్క. చూసేవాడు లేడు కాబట్టి అక్కర్లేదని ఒకరు, చూసేవాడి కోసం వద్దని ఒకరు. మోసేదాని సంగతి ఎవరి లెక్కలోనూ లేదు. స్నానాల గదిలో ఆమెను ఆమె చూసుకుంటుంది. ఒరిసిపోయిన తోలు ఆమెకి మండుతుంది. బుర్ఖా బయటివాళ్లకి అడ్డం. లోపలున్న మనిషికి తన ఒళ్లు అడ్డం ఎట్లా అవుతుంది?

మార్కెట్ లేదని మేం అనం. ఉంది. మెట్రో స్తంభాల మీద బోర్డులున్నాయి, వాయిదాల మీద అందం అమ్మేవాళ్లున్నారు. ఏ జబ్బూ లేని పద్దెనిమిదేళ్ల పిల్లల్ని భయపెట్టి కత్తి కిందికి తెచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో కొట్లాడాల్సిందే. కానీ 48 కిలోలు పోగొట్టుకున్న ఒంటికి మిగిలిన చర్మాన్ని బోర్డు మీది బొమ్మతో కలిపి ఒకే గాటన కట్టెయ్యడం అన్యాయం.

దీన్ సంగతికొద్దాం, ఎందుకంటే మా ఇంట్లో ఆ ప్రశ్న ఆమెనే ఎక్కువ నలిపింది. అల్లా చేసిన రూపాన్ని మార్చడం గునాహ్ అవుతుందా? వారం రోజులు ఆమె నిద్రపోలేదు. చిన్నప్పుడు చదువు చెప్పిన ఉస్తానీమా దగ్గరికి వెళ్లాం. ఆమె ముసలామె. అర్ఫజా అనే సహాబీ కథ చెప్పింది. ఇస్లాంకి ముందటి యుద్ధంలో ఆయన ముక్కు పోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే వాసనొచ్చింది. మగవాళ్లకి బంగారం కూడదన్న ప్రవక్తే ఆయనకి బంగారు ముక్కు పెట్టుకోమని చెప్పారు. హదీసు గ్రంథాల్లో ఉన్న సంగతే. "ముక్కు పోయినవాణ్ని ఎవరు చూస్తారని అడగలే కదా" అంది ఉస్తానీమా. 2007లో మలేసియాలోని పుత్రజయలో అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ కూర్చుని చేసిన తీర్మానం కూడా ఆ దారిలోనే ఉంది. పుట్టుకతోనో, జబ్బుతోనో, ప్రమాదంతోనో వచ్చి ఒంటికో మనసుకో బాధ కలిగించే లోపాన్ని సరిచేయించుకోవచ్చు, ఉత్త ఫ్యాషన్ కోసం మాత్రం కూడదని సారాంశం. ఇందులో ఈమెది ఏ గట్టునుందో ఈమెకి తెలుసు.

ఇంకో సంగతి. ప్లాస్టిక్ సర్జరీ చరిత్ర మన దగ్గర ఎవరు రాసినా సుశ్రుతుడితో మొదలుపెడతారు. తర్వాత 1794లో లండన్ జెంటిల్మన్స్ మ్యాగజైన్లో అచ్చయిన కావస్జీ కథ చెబుతారు. ఇంగ్లీషు సైన్యం దగ్గర ఎడ్లబండి తోలే అతని ముక్కు టిప్పు సుల్తాన్ మనుషులు కోస్తే, దేశీ వైద్యుడు నుదుటి చర్మంతో కొత్త ముక్కు చేశాడు. రెండూ నిజమే, గొప్పవే. కానీ ఆ చరిత్రలో మా పేరు కోసినవాళ్ల జాబితాలోనే మిగిలింది. కార్డోబా దగ్గర పుట్టి 1013లో చనిపోయిన అల్ జహ్రావీ ముప్పై భాగాల వైద్యగ్రంథం రాశాడు. అందులో ఆఖరి భాగం శస్త్రచికిత్స గురించే. మగవాళ్లకి రొమ్ములు పెరిగి ఆడవాళ్లలా కనిపిస్తే కోసి, లోపలి కొవ్వు తీసి, కుట్టే పద్ధతి అందులో ఉంది. 1465లో తుర్కీ వైద్యుడు షరఫుద్దీన్ సబూంజూఓగ్లు బొమ్మలతో రాసిన శస్త్రచికిత్స గ్రంథంలోనూ ఉంది. అంటే మగవాడు తన రొమ్ము చూసుకుని సిగ్గుపడితే వెయ్యేళ్ల కిందటే అది వైద్యం చేయాల్సిన బాధ. ఆడది తన రొమ్ము చూసుకుని బాధపడితే ఈ రోజుకీ సోకు. ఈ లెక్క మా తాతలు రాసిన పుస్తకాల నుంచే తేలింది. కాబట్టి మా వాళ్ల గొప్ప చెప్పుకుంటూనే మా వాళ్లని అడుగుతున్నాం.

ఇన్సూరెన్స్ వాళ్లు ఈసారి కుదరదన్నారు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత అవయవాన్ని తిరిగి కట్టడానికో, ఆరోగ్యానికి నేరుగా, వెంటనే వచ్చే ముప్పును తొలగించే చికిత్సలో భాగంగానో అయితే తప్ప రూపం మార్చే ఆపరేషన్లకి పాలసీ వర్తించదని వాళ్ల నియమం. కొవ్వు తీయడం వైద్యం, కొవ్వు వదిలిపోయిన తోలు తీయడం అలంకారం! బిడ్డ పెళ్లికి దాచిన బంగారంలోంచి నాలుగు గాజులు పోయాయి. ఇంట్లో పెద్ద గొడవ. చివరికి డిగ్రీ చదువుతున్న ఆ బిడ్డే అంది: "గాజులు నావే కదా. నేనే ఇస్తున్నా."

లేడీ ప్లాస్టిక్ సర్జన్ కోసం వెతికి పట్టుకున్నాం. అయినా ఆపరేషన్‌కి ముందు ఒక ఘట్టం ఉందని మాకు తెలీదు. ఫొటోలు. ఎదురుగా, పక్క నుంచి, ఏటవాలుగా. ముందెట్లుంది, తర్వాతెట్లుంది చూసుకోవడానికి అది వాళ్ల పద్ధతి. మొహం కూడా పరాయివాళ్లకి చూపించని మనిషి ఛాతీని కెమెరా ముందు పెట్టి నిలబడాలి. ఆమె చేతులు వణికాయి. డాక్టరమ్మ కెమెరా పక్కన పెట్టి కూర్చుంది. మొహం రాదు, కేసు కాగితాల్లోనే ఉంటుంది, ఎక్కడా చూపించకూడదని నువ్వు రాసిస్తే చూపించం అని చెప్పింది. ఆమె ఉర్దూలో రాసిచ్చింది. మేం తెలుగులో కింద రాశాం. తర్వాత నిలబెట్టే ఒంటి మీద పెన్నుతో గీతలు గీశారు. పడుకుంటే రొమ్ము పక్కకి జారి కొలత తప్పుతుందట.

ఒప్పుకోలు కాగితం ఇంగ్లీషులో ఉంది. "భర్త సంతకం" అన్నారు ఆఫీసువాళ్లు. ఎందుకని అడిగాం. రివాజట. తెలివితో ఉన్న పెద్ద మనిషి ఒంటికి ఆ మనిషి ఒప్పుకోలే కావాలి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, మత్తులో ఉన్న 44 ఏళ్ల స్త్రీ గర్భసంచి తీయడానికి తల్లి ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదని చెప్పింది. జర్నలిస్టు బతుకు ఆ రోజు పనికొచ్చింది. ఆమె సంతకమే పడింది, ఉర్దూలో, కుడి నుంచి ఎడమకి.

నాలుగు గంటలు పట్టింది. రెండు పక్కలా సన్న గొట్టాలు పెట్టి వాటి చివర డబ్బాల్లో నెత్తురు, నీరు దిగనిచ్చారు. మూడోరోజు తీసేశారు. ఆరు వారాలు గట్టి బాడీ రాత్రీ పగలూ. చేతులు పైకెత్తొద్దు, బరువులు మొయ్యొద్దు. వుజూలో కట్టు మీద తడి చెయ్యి తుడిస్తే చాలని, కుర్చీలో కూర్చుని సైగతో సజ్దా చేయొచ్చని ఉస్తానీమా చెప్పింది. ఎడమ వైపు నిలువు కుట్టు అడ్డం కుట్టుని కలిసే చోట కొంచెం విచ్చుకుంది. అక్కడ చర్మం బిగువుగా లాగబడుతుంది కాబట్టి అది చాలామందికి జరిగేదేనన్నారు. మూడు వారాలు డ్రెస్సింగ్ చేశాక పూడింది. ఎడమ చనుమొనలో స్పర్శ ఇప్పటికీ సగమే. లంగరు మచ్చలు మొదట ఎర్రగా ఉండేవి, ఏడాదికి పాలిపోయాయి, పూర్తిగా పోవు. రెండూ సరిగ్గా ఒకలా లేవు. వయసుతో మళ్లీ కొంత జారతాయి కూడా. ఇవన్నీ ముందే చెప్పించుకుని, అర్థం చేసుకుని ఒప్పుకుంది. కిందటి ఎండాకాలం దుపట్టాలు చింపలేదు.

రాయాల్సిన అసలు మాట ఒకటి మిగిలింది. నలభై దాటింది కాబట్టి ఆపరేషన్‌కి ముందు మామోగ్రామ్ తీయాలన్నారు. తోడు వెళ్లిన మేమంతా అదే రోజు తీయించుకున్నాం. మా ఖాందాన్‌లో ఆ పరీక్ష చేయించుకున్న మొదటి ఆడవాళ్లం మేమే. అమ్మీ అదే చోట గడ్డతో 2009లో పోయింది. "ఉధర్ కుచ్ హై" అని చెప్పడానికి ఆమెకి ఏడాది పట్టింది. చెప్పేటప్పటికి చంకలోకి పాకింది. ఈ దేశంలో ఆడవాళ్లకి వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరే అన్నిటికంటే ఎక్కువ. తొందరగా దొరికితే బతికించే జబ్బు కూడా అదే. అమ్మీని చంపినదాంట్లో ఆ గడ్డ వాటా ఎంతో, ఆ 'ఉధర్' వాటా ఎంతో మేం ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాం. ఎవరు చూస్తారులే అని వదిలేసిన చోటులోకి జబ్బు వచ్చినా ఎవరూ చూడరు.

ముస్లిం ఆడవాళ్ల అస్తిత్వం అని సభలు పెడుతున్నారు. సంతోషం, మేమూ వస్తాం. బుర్ఖా మీద తీర్మానం రాసేటప్పుడు ఉంచాలనేవాళ్లని, తీయాలనేవాళ్లని ఒక్కటే కోరుతున్నాం. మా బస్తీ దవాఖానాలో రొమ్ము పరీక్ష చేసే ఆడమనిషి, తలుపు మూసుకునే ఒక గది, మా భాషలో ఒక ఒప్పుకోలు కాగితం ఉండాలని కూడా ఆ తీర్మానంలో రాయండి. బట్ట సంగతి మేం చూసుకుంటాం.